వంగిన గీత

లాక్‌డౌన్‌తో మనం వంచింది కరోనా గీతను కాదు, జీడీపీ గీతనని 2020 జూన్ 4న రాహుల్ గాంధీతో ముఖాముఖిలో బజాజ్ ఆటో ఎండీ రాజీవ్ బజాజ్ అనేశారు. అంతే, ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మన తెలుగు మిత్రులు రెండు జట్లు! "ప్రాణాలకంటే మోటార్‌సైకిళ్లు ఎక్కువా?" అన్నారు ఇంట్లోంచే పని, ఠంచనుగా జీతం ఉన్న బావగారు. "పేదోడికి పూట గడిచేదెలా?" అన్నారు నోయిడాలో రెండు ఫ్లాట్ల అద్దె తినే అన్నగారు. (ఆకలి మీద ఇద్దరికీ అపార పాండిత్యం.) ఆ ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిందని లెక్క తేలాక, "నే చెప్పలేదూ?" అని ఇద్దరూ అన్నారు. మార్చి చివర్లో పక్కనే ఆనంద్ విహార్‌లో మూటాముల్లెతో బస్సుల కోసం తోసుకున్న వేలమందిని మాత్రం ఏ జట్టూ పిలవలేదు. జనతా కర్ఫ్యూ నాడు పళ్లేలు మోగించడానికి వాళ్లకి బాల్కనీలు లేవు మరి!