మూత మీది బంగారు అక్షరాలు

పియానో కంపెనీల గురించి నేను చాలా ఏళ్లు ధీమాగా మాట్లాడాను. జపాన్ పియానోది కరుకు, జర్మన్ పియానోది నిండుదనం, వియన్నాదానిది తీపి, అమెరికాదానిది గర్జన. ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని, అడగకపోయినా చెప్పేదాన్ని. సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలు పెద్దయ్యాక పియానో మొదలుపెట్టినదాన్ని. అప్పటికి నేను వాయించి చూసినవి మా టీచరు గారి పియానో, మా ఇంట్లోది, ఒక చర్చిలో మూలన ఉన్న పాతది. మిగతా జ్ఞానమంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగులు వినగా వచ్చింది. ఆ రికార్డింగుల్లో మైకు ఎక్కడ పెట్టారో, హాలు ఎంతటిదో, అంతకుముందు ట్యూనర్ ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. అవి తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. నా అవివేకం అక్కడ మొదలైంది. దాన్ని దాచుకోకుండా చెప్పుకోవాలనుంది, ఎందుకంటే దానివల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే కాదు.

కంపెనీల మధ్య తేడాలున్న మాట నిజం, వాటికి కారణాలూ ఉన్నాయి. 1853లో న్యూయార్క్‌లో మొదలై, 1880లో హాంబర్గ్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టిన స్టైన్‌వే తన గ్రాండ్ పియానో చుట్టుగోడను గట్టి మేపుల్ చెక్క పొరలు అతికించి, వంచి చేస్తుంది. ఆ గోడ తీగల శక్తిని మింగేయకుండా, నాదాన్ని పెంచే చెక్కపలక అయిన సౌండ్‌బోర్డులోనే నిలబెడుతుంది. 1828 నాటి వియన్నా సంస్థ బోసెన్‌డార్ఫర్ అదే గోడకు స్ప్రూస్ చెక్క వాడుతుంది. సౌండ్‌బోర్డు చేసేదీ ఆ చెక్కతోనే కాబట్టి పెట్టె కూడా నాదంలో పాలుపంచుకుంటుంది. వాళ్ల ఇంపీరియల్ గ్రాండ్‌కు 88 మెట్లకు బదులు 97 ఉంటాయి. లైప్‌జిగ్‌కు చెందిన బ్లూట్నర్ తారస్థాయిలో ఒక్కో స్వరానికి మూడు తీగలతో పాటు నాలుగోది కూడా కడుతుంది. మిగతా తీగలను కొట్టే హ్యామర్ దాన్ని కొట్టదు, పక్క తీగల కంపనానికి దానంతటదే పలుకుతుంది. యమహా, కవాయ్ రెండూ జపాన్‌లోని హమమత్సు ఊరివే. వీటిలో కవాయ్, మెట్టుకూ తీగకూ మధ్య ఉండే యాక్షన్ భాగాల్లో చాలావాటిని చెక్కకు బదులు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తుంది, తేమకు ఉబ్బకుండా ఉంటాయని.

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. మెట్టు నొక్కితే లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎన్నడూ తొంగి చూడలేదు.

మెట్టు సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. ఆ కాస్త దూరంలో మీటల వరస ఒకటి కదిలి హ్యామర్‌ను తీగవైపు విసురుతుంది. తీగ ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఉందనగా యంత్రం హ్యామర్‌ను వదిలేస్తుంది. ఆ చివరి ప్రయాణం హ్యామర్ సొంతంగా చేయాల్సిందే, వేలికి దానిమీద పెత్తనం లేదు. ఎంత వేగంతో విసిరామన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ వదలడం కొంచెం ముందే జరిగినా, మెల్లగా వాయించినప్పుడు స్వరం పలకకుండా పోతుంది. హ్యామర్ చుట్టూ ఉండే ఉన్ని ఫెల్ట్ తీగల దెబ్బలకు గాడులు పడి గట్టిపడితే స్వరం కరుకెక్కుతుంది. సూదులతో గుచ్చి వదులు చేస్తే మెత్తబడుతుంది. యాక్షన్‌ను సరిదిద్దే పనిని రెగ్యులేషన్ అంటారు, ఫెల్ట్‌ను సరిదిద్దే పనిని వాయిసింగ్ అంటారు. నేను దేశాల స్వభావమని చెప్పుకొచ్చిన కరుకుదనం, తీపి చాలావరకు ఆ సూదుల దగ్గరే ఉన్నాయి. బియ్యం బస్తా మీది పేరు చదివి అన్నం రుచి చెప్పినట్టుంది నేను చేసిన పని.

మా ఇంట్లోది జపాన్ అప్‌రైట్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఒక వానాకాలం దాని మెట్లు బరువెక్కాయి. శ్రుతి చేయడానికి వచ్చిన ట్యూనర్ పెద్దాయన సంచిలోంచి చిన్న ఇత్తడి తూకపురాళ్లు తీసి, యాభై గ్రాములది ఒక మెట్టు మీద పెట్టారు. ఆ బరువుకు కాస్త అటూఇటూగా మెట్టు నెమ్మదిగా దిగాలి. అది కదల్లేదు. పక్కన మరో రాయి పెడితే దిగింది కానీ, రాళ్లు తీసేశాక పైకి రావడానికి తటపటాయించింది. ఆయన మెట్టును ఊడదీసి నా చేతికిచ్చారు. పొడుగాటి చెక్క, దాని అడుగున ముందువైపు ఒక సన్నటి గాడి, గాడి లోపల రెండు పక్కలా అతికించిన ఎర్రటి ఉన్నిగుడ్డ. గాడిలో దూరే పిన్ను రాసుకున్న చోట గుడ్డ మీద నల్లటి గీత పడి ఉంది.

"వానకి గుడ్డ ఉబ్బిందమ్మా, పిన్నుని పట్టేస్తోంది. మెట్టుమెట్టుకీ సరిచేయాలి. హ్యామర్లు కూడా కాస్త సాపు చేసి పెడతాను. రెండు మూడు రోజులు నాకు వదిలేయండి" అన్నారు.

"ఆ కంపెనీవి మొదట్నుంచీ అంతే కదండీ, బరువూ, కరుకూ" అన్నాను.

"కంపెనీవాళ్లు పంపినప్పుడు ఇట్లా లేదమ్మా."

అంత సూటిగా చెప్పినా నా తలకెక్కలేదు. శ్రుతి చేయించుకుని ఆ పూట డబ్బులిచ్చి పంపేశాను. మిగతా పని వద్దన్నాను.

ఆ ఏడే లైప్‌జిగ్‌లో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక షోరూంలో గ్రాండ్ పియానో వాయించాను. ఎత్తయిన కప్పు, చెక్క నేల, నిశ్శబ్దం. మెట్టు వేలి కిందికి తనంతట తనే వచ్చినట్టనిపించింది. ఒకే స్వరాన్ని ఎంత త్వరగా కొట్టినా తడబాటు లేదు. ఇదే అసలైన పియానో, ఇంటి దగ్గరున్నది కాదు అని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. ఆ సులువు వెనక సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టిన, 1821లో పేటెంటు పొందిన ఏర్పాటు ఉంది. మెట్టు పూర్తిగా పైకి రాకముందే హ్యామర్ మళ్లీ కొట్టడానికి సిద్ధంగా ఉండేలా చేసేది అదే. ఇప్పటి గ్రాండ్‌లన్నింటిలో దాని వారసత్వం ఉంటుంది, మామూలు అప్‌రైట్‌లో ఉండదు. అంటే నేను జర్మనీని జపాన్‌తో పోల్చానని అనుకుంటూ గ్రాండ్‌ను అప్‌రైట్‌తో, సరిచేసిన యంత్రాన్ని చెమ్మ పట్టినదానితో, చెక్క నేలను మా ఇంటి మార్బుల్ నేలతో పోల్చాను.

అదే ఊళ్లో గ్రాసీ మ్యూజియంలో, పియానోను కనిపెట్టిన బార్తొలొమెయో క్రిస్తొఫొరి 1726లో చేసిన వాద్యం ఉంది. హ్యామర్ల తలలు ఆయన కాగితాన్ని చుట్టచుట్టి చేసి, తీగను తాకే చోట తోలు అతికించాడు. ఆ తోలు ఎంత మెత్తగా ఉండాలన్నది ఆయనకు అప్పుడే తేల్చుకోవాల్సిన విషయం. దాని ముందు నిలబడి కూడా ఆ సంగతి ఆలోచించకుండా, ఎప్పటిదో తేదీ చదువుకుని ముందుకు నడిచాను.

ఇంటికొచ్చాక జపాన్ పియానో అమ్మేశాను. మా వీధి చివర చర్చిలో కోయిర్ నడిపే అమ్మాయి కొనుక్కుంది. దాని స్థానంలో వందేళ్ల నాటి యూరప్ అప్‌రైట్ ఒకటి తెచ్చుకున్నాను. పేరు గొప్పది, మెట్ల మీది మూతపై బంగారు అక్షరాల్లో రాసి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా వాయించి వినిపించడం తర్వాత, ముందు ఆ అక్షరాలు చూపించేదాన్ని. మొదటి ఎండాకాలానికే అది శ్రుతి నిలపడం మానేసింది. పియానోలో దాదాపు 230 తీగలు ఉంటాయి, అవన్నీ కలిసి లాగే బలం 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. ఒక్కో తీగ చివర చుట్టుకుని ఉండే పిన్ను చెక్కదిమ్మెలో ఒరిపిడితోనే బిగిసి ఉంటుంది. చలిదేశంలో పుట్టిన ఆ పాత దిమ్మె మా ఊరి ఎండలకు ఎండి, కుంచించుకుని, నెర్రెలిచ్చింది. పెద్దాయన పిన్నును తిప్పి స్వరం సరిచేసి చెయ్యి తీసేలోపే అది వెనక్కి జారిపోయింది. "చెక్క పోయిందమ్మా" అని మాత్రం అన్నారు. కొనేముందు ఆయన్ని పిలిచి చూపించి ఉంటే ఆ మాట ముందే చెప్పేవారు.

క్రిస్మస్‌కి కోయిర్ అమ్మాయి ఇంటికి పిలిచింది. "ఒకసారి వాయించండి ఆంటీ" అంటే కూర్చున్నాను. మొదటి వరస వాయించేసరికి వేళ్లు ఆగిపోయాయి. మెట్టు తేలిగ్గా దిగుతోంది, అంతే తేలిగ్గా వేలిని వెన్నంటి పైకి వస్తోంది. తారస్థాయిలో కరుకు లేదు. ఎంత మెల్లగా నొక్కితే అంత మెల్లగా పలికింది. పాత పియానో ఎప్పుడు మార్చావని అడగబోయి, కుడిచేతి వైపు చెక్క మీద మా అబ్బాయి చిన్నప్పుడు కంపాసుతో గీసిన గీత చూసి ఊరుకున్నాను. పెద్దాయన చేతే మూడు రోజులు పని చేయించానని ఆ అమ్మాయే చెప్పింది. నేను వద్దన్న పనే.

ఆ రాత్రి నిద్ర పట్టక అంతా మళ్లీ తలచుకుంటే ఒక విషయం అర్థమైంది. ఉబ్బిన గుడ్డ మెట్టును పట్టేస్తుంటే నేను ఇంకా బలంగా కొట్టాను. బలంగా కొడితే హ్యామర్ వేగంగా వెళ్లింది. వేగంగా తగిలిన గట్టి ఫెల్ట్ కరుకుగానే పలుకుతుంది. వేలికి తగిలిన బరువు చెవికి కరుకై వినిపించింది. దాన్ని నేను ఒక దేశం సొత్తుగా జమ కట్టాను.

తర్వాత చదివాను, అలెగ్జాండర్ గలెంబో అనే పరిశోధకుడు లెనిన్‌గ్రాద్ కన్సర్వేటరీ ఆచార్యులతో ఈ విషయం మీదే ఒక పరీక్ష చేశాడని. మూడు వేర్వేరు కంపెనీల గ్రాండ్ పియానోలు పెట్టి వాయించమంటే ఏది మేలైనదో వాళ్లంతా ఒకే మాట చెప్పారు, ఆ తీర్పులో నాదానికే పెద్దపీట వేశామనుకున్నారు. తెర వెనక ఉంచి వినిపిస్తే ఏది ఏదో పోల్చుకోలేకపోయారు. కళ్లకు గంతలు కట్టి మెట్ల మీద చేతులు పెట్టనిస్తే గుర్తుపట్టారు, చెవులకు వినపడకుండా చేసినా గుర్తుపట్టారు. జీవితమంతా పియానోతో గడిపిన వాళ్ల వేళ్లే చెవుల పేరు మీద తీర్పు చెబుతుంటే, నా హెడ్‌ఫోన్ల పాండిత్యం ఎంతటిది?

పియానిస్టు గ్లెన్ గూల్డ్ అంతటివాడు స్టైన్‌వేను వదిలి యమహాకు రావడం కూడా నేను ఇంతకాలం కంపెనీల గెలుపోటములుగానే చెప్పుకున్నాను. ఆయన ఏళ్ల తరబడి వాయించిన సీడీ 318 అనే స్టైన్‌వే, వెర్న్ ఎడ్‌క్విస్ట్ అనే ట్యూనర్ చేతుల్లో ఆయనకు కావలసిన తేలికపాటి టచ్‌కు వచ్చింది. ఎడ్‌క్విస్ట్‌కు చూపు దాదాపు లేదు. 1971లో రవాణాలో ఆ పియానో దెబ్బతిని, ఎంత బాగుచేసినా మునుపటిలా కాలేదు. బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను గూల్డ్ 1955లో స్టైన్‌వే మీద, 1981లో యమహా మీద రికార్డు చేశాడు. రెండింటిలోనూ ముందు వినిపించేది గూల్డే. ఆయన వెతుక్కున్నది తన వేలికి ఒదిగే మెట్టును. ఆ మెట్టు వెనక ఒక ట్యూనర్ ఓర్పు ఉందని నేను గమనించలేదు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. బ్యాంకులో నాతో పనిచేసే ఒకాయన తన కూతురికి మంచి పాత పియానో ఒకటి చూసుకుని, నన్ను సలహా అడిగాడు. నేను వెళ్లి చూడలేదు, వాయించలేదు. కంపెనీ పేరు విని, "అది వద్దండీ, శబ్దం రేకులా ఉంటుంది" అన్నాను. నా మాట మీద గౌరవంతో మానేశాడు. ఆ పిల్ల రెండేళ్లు బరువు లేని మెట్ల కీబోర్డు మీదే సాధన చేసింది. వేళ్లకు బలం రాలేదని టీచరు అంటున్నారని ఒకరోజు ఆయనే మామూలుగా చెప్పాడు, నన్ను తప్పుపట్టాలని కాదు. ఈ మధ్య వాళ్లింటికి వెళ్లి, ఆ రోజు నేను తెలియక చెప్పానని భార్యాభర్తలిద్దరి ముందూ ఒప్పుకున్నాను. ఇప్పుడు పెద్దాయనే వాళ్లకు పియానో వెతుకుతున్నారు, తోడుగా నేనూ వెళుతున్నాను.

ఆ వెళ్లిన చోట్ల ఇప్పుడు నేను చేసేది ఇది. మూత మీది పేరు చదివే ముందు మధ్యస్థాయిలో ఒక్క స్వరాన్ని వీలైనంత మెల్లగా నొక్కి, పలుకుతుందో లేదో చూస్తాను. మెట్టును పట్టి ఉంచి, ఆ నాదం ఎంతసేపు నిలుస్తుందో పూర్తిగా వింటాను. ఒకే మెట్టును వరసగా కొట్టి, ఎప్పుడు వెనకబడుతుందో చూస్తాను. రాగి చుట్టిన మంద్రపు తీగలు ముగిసి మామూలు ఉక్కు తీగలు మొదలయ్యే చోట నెమ్మదిగా పైకి వాయిస్తాను, ఎందుకంటే అక్కడ స్వరం రంగు తెగకుండా దాటించడంలోనే తయారుచేసినవాడి పనితనం బయటపడుతుంది. బాగా తెలిసిన ఒకే పాట అన్నిటిమీదా వాయిస్తాను. నచ్చకపోతే, ఆ నచ్చనిది సరిచేస్తే పోయేదా, చెక్కలోనే ఉందా అని పెద్దాయన్ని అడుగుతాను. కంపెనీ తేడా నిజంగా వినిపించేది ఇవన్నీ దాటాకే. అప్పుడు వినిపించే తేడా చిన్నదే, కానీ అపురూపమైనది. దాన్ని గుర్తుపట్టే చెవి నాకింకా పూర్తిగా రాలేదు.

ఏ కంపెనీ కొనమంటారని ఎవరైనా అడిగితే ఇప్పుడు పేరు చెప్పను. మీ ఊరికి వచ్చే మంచి ట్యూనర్ ఎవరో ముందు కనుక్కోండి, పియానోకు పెట్టే డబ్బులో కొంత ఆయన పనికని పక్కన పెట్టుకోండి, ఆయన పనిచేసేటప్పుడు పక్కనే కూర్చుని చూడండి అంటాను.