దివానిద్రా మీమాంస

శాస్త్రం అన్నాక ముందు అనుబంధ చతుష్టయం తేలాలి. అధికారి ఎవరు, విషయం ఏది, ఆ రెంటికీ సంబంధం ఏమిటి, ప్రయోజనం ఏమిటి అన్న నాలుగు ముక్కలు చెప్పకుండా గ్రంథం మొదలుపెడితే పెద్దలు ఒప్పుకోరు. కనుక చెబుతున్నాం. ఈ శాస్త్రానికి అధికారి నైట్ షిఫ్టు ఉద్యోగి. విషయం అతని పగటినిద్ర. ఆ రెంటికీ ప్రస్తుతం సంబంధం లేదు. కలపడమే ప్రయోజనం.

అధికారి ఎవరో ఇంకాస్త విడమరచాలి. మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలుపుకుని తిని, దినపత్రిక మొహమ్మీద కప్పుకుని నడుం వాల్చే పెద్దమనిషి ఇందులోకి రాడు. ఆయనది భోగం, ఇది బతుకుతెరువు. పరీక్షలకు రాత్రంతా చదివిన కుర్రాడూ రాడు. వాడికి పరీక్ష హాలు ఉంది. శివరాత్రి జాగారం చేసినవాడి సంగతి మాత్రం కొంచెం ఆలోచించాలి. ఆయన మర్నాడు పొద్దెక్కిందాకా పడుకుంటే ఇంటిల్లిపాదీ కాళ్ళమడమలు ఎత్తి నడుస్తారు, పుణ్యాత్ముడని తలుపు దగ్గరగా వేస్తారు. అదే మనిషి ఏ డల్లాస్ కంపెనీ కోసమో మాదాపూర్‌లో జాగారం చేసి వచ్చి పడుకుంటే, ‘‘పట్టపగలు ఆ పడకేమిటి, ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా’’ అంటారు. నెలనెలా ఒకటో తారీఖున ఇంట్లోకి వచ్చే లక్ష్మి ఆ పడక మీదుగానే వస్తోందని ఎవరూ గమనించరు. కాబట్టి మొదటి సూత్రం: జాగరణ ఒక్కటే, ఫలం దేవతను బట్టి.

పూర్వాచార్యుల్లో మొదటివాడు లక్ష్మణుడు. పద్నాలుగేళ్ళు ఏకధాటిగా నైట్ షిఫ్టు చేశాడు, వీక్లీ ఆఫ్ లేదు. ఆయన వంతు నిద్ర అయోధ్యలో ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్ళ పాటలు చెబుతాయి. ఉద్యోగం ఒకరిది, నిద్ర మరొకరిది అన్న ఈ గొప్ప ఏర్పాటు హెచ్.ఆర్. వారి చెవిన ఇంకా పడినట్టు లేదు. పండితులు ఇక్కడ ఊర్మిళ త్యాగం గురించి మాట్లాడుకుంటారు. శాస్త్రకారుడికి పట్టింది వేరు. పద్నాలుగేళ్ళపాటు ఆమె గది తలుపు ఎవరూ కొట్టలేదు. ఆ అంతఃపురం ఏ వీధిలో ఉందో తెలిస్తే అడ్వాన్సు ఎంతైనా ఇవ్వడానికి గచ్చిబౌలిలో జనం సిద్ధంగా ఉన్నారు. కుంభకర్ణుడు ఈ శాస్త్రానికి ఉదాహరణ కాడు. ఆయన్ని లేపడానికి భేరీలూ శంఖాలూ ఏనుగులూ కావలసి వచ్చాయి. మనవాణ్ణి లేపడానికి ‘‘సార్, లొకేషన్ ఒకసారి చెప్పరా’’ అన్న డెలివరీ కుర్రాడు చాలు.

ఇక వైద్యులు. ఎండాకాలం తప్ప పగటినిద్ర కూడదని చరకుడు గట్టిగానే చెప్పాడు. అయితే జాగరణతో అలసినవాడికి మినహాయింపు ఇచ్చాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఏకంగా లెక్కే కట్టాడు: అలవాటు లేని జాగరణ చేసినవాడు మేలుకున్న కాలంలో సగం, పొద్దున్నే, ఏమీ తినకుండా పడుకోవాలి. మొదటి రెండు షరతులతో పేచీ లేదు. మూడోదే గృహస్థాశ్రమంలో నిలవదు. ఎనిమిదింటికి గుమ్మంలో అడుగుపెట్టిన కొడుకు కోసం పెనం వేడెక్కి ఉంటుంది. ‘‘తినకుండా పడుకోమన్నాడమ్మా వాగ్భటుడు’’ అంటే, ‘‘ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు, నువ్వు తిను’’ అనే తల్లి ఎదుట ఏ సంహితా ప్రమాణం కాదు. రెండు ఇడ్లీలతో రాజీ కుదురుతుంది. మూడు పెసరట్లూ ఉప్మా అయితే నిద్ర పట్టదు, పట్టినా పుల్లతేన్పులతో తెలివొస్తుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. వాగ్భటుడు ‘‘అలవాటు లేని’’ అన్నాడు కదా. ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు పనిచేసేవాడికి అలవాటైపోయినట్టే కదా, ఇక శాస్త్రమెందుకు అని. దీనికి సమాధానం 1729లో ఫ్రాన్సులో దొరికింది. దెమైరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ మొహం చూడకపోయినా ఆకులు పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకున్నాయి. అంటే అత్తిపత్తి లోపల సొంత గడియారం ఉంది. పండ్ల మీద ముసిరే బుల్లి ఈగల్లో ఆ గడియారం ఎలా తిరుగుతుందో తేల్చినందుకు ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ వచ్చింది. మనిషిలో ఆ గడియారం మెదడు అడుగున, రెండు కంటి నరాలూ కలుసుకునే చోటుకు సరిగ్గా పైన ఉంటుంది. కంట్లో ప్రత్యేకమైన కణాలు కొన్ని ఉన్నాయి, 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి వెలుగుకు బాగా స్పందిస్తాయి. ‘‘తెల్లారింది’’ అని లోపలికి కబురు పంపడమే వాటి పని. టీమ్ లీడ్ పంపిన రోస్టర్ వాటికి చేరదు. మనవాడు రాత్రంతా ట్యూబులైట్ల కింద కూర్చుని ఆ గడియారాన్ని కాస్త అటు నెడతాడు. పొద్దున ఔటర్ మీద క్యాబ్ కిటికీలోంచి సూర్యభగవానుడు దాన్ని మళ్ళీ ఇటు లాగేస్తాడు. ఈ లాగులాటలో అలవాటు అనేది పూర్తిగా కుదిరేవాళ్ళు బహు తక్కువ.

దీనికి విరుగుడు నల్లకళ్ళద్దాలు. షిఫ్టు దిగి ఇల్లు చేరేదాకా పెట్టుకుంటే కళ్ళలోని ఆ వేగులకు కబురు మందంగా అందుతుంది. ఉదయం ఏడున్నరకు సందులో నల్లద్దాలతో నడిచేవాణ్ణి చూసి కండ్లకలక వచ్చిందేమోనని ఎదురింటివాళ్ళు పలకరించకుండా తప్పుకుంటారు. పాశ్చాత్య పరిశోధకులు ఊహించని అదనపు లాభం ఇది. ఇంటికి వచ్చాక మందపాటి కర్టెను కావాలి. కర్టెనుకు రాడ్డు కావాలి, రాడ్డుకు మేకు కావాలి, మేకుకు హౌస్ ఓనర్ అనుమతి కావాలి. గోడకు మేకు కొట్టనివ్వని ఓనర్ల కారణంగా భాగ్యనగరంలో ఎన్ని కిటికీలకు అట్టపెట్టెలు అంటించి ఉన్నాయో పైకి చూసుకుంటూ నడిచేవాళ్ళకే తెలుసు.

క్యాబ్‌లో తూగవచ్చునా అన్నది చిన్న వివాదం. పడుకుని పోయే పగటినిద్రకు చెప్పిన దోషం కూర్చుని తీసే కునుక్కి లేదని చరకుడు వేరే చెప్పాడు. ఆధునికులు అడ్డు తగులుతారు. తిరిగొచ్చేటప్పుడు తీసే కునుకు అసలు నిద్రకు దాచుకున్న ఆకలిని తినేస్తుందంటారు. వెళ్ళేటప్పుడు తీస్తే మాత్రం ఇద్దరికీ సమ్మతమే. సొంత బండి మీద వెళ్ళేవాడికి ఈ చర్చ వర్తించదు, అక్కడ శాస్త్రం పరిహాసమాడదు. కళ్ళు మూతలు పడుతుంటే బండి తీయకూడదు. ఆఫీసులోనే పావుగంట పడుకుని లేవాలి, లేదా తాళంచెవి జేబులో వేసుకుని ఆటో ఎక్కాలి. కాఫీ గురించి ఒక్క ముక్క. తాగినదాంట్లో సగం కెఫీన్ సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, మూడింటికి మెషీన్ దగ్గర పట్టిన కప్పు ఎనిమిదింటికి మంచం దాకా వస్తుంది. షిఫ్టు మొదటి సగంతో సరిపెట్టాలి.

ఇప్పుడు శబ్దాధికరణం. ఈ గ్రంథానికి గుండెకాయ ఇదే.

రాగాలకు వేళలున్నట్టే పగటి చప్పుళ్ళకూ వేళలున్నాయి. ఎనిమిదికి చెత్త ఆటో పాట. ఎనిమిదిన్నరకు స్కూలు బస్సు హారను, దాని వెనకే టిఫిన్ బాక్సు మరిచిపోయిన పిల్లవాడి కోసం మూడో అంతస్తు నుంచి వాళ్ళమ్మ కేక. తొమ్మిదికి కుక్కర్లు: మన ఇంటిదైతే ఎన్ని కూతలకు ఆగుతుందో తెలుసు, పక్కింటిదే ప్రమాదం, ఇంకొక్కటి వస్తుందేమోనని ఎదురుచూడటంలో ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోతుంది. పదికి పనమ్మాయి, గిన్నెలు. పదకొండు నుంచి ట్రాలీ ఆటోల మైకులు. ఉల్లిగడ్డలవాడు పోతే పాత ఇనప సామాన్లవాడు, వాడు పోతే మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు రిపేరు చేసేవాడు. వెనకటి రోజుల్లో కేక వేసేవాడికి ఒక గొంతు ఉండేది, దానికి అలుపు ఉండేది, మంచినీళ్ళు తాగడానికి ఆగేవాడు. ఇప్పటి రికార్డుకు ఆ బాధ లేదు. ఆటోవాడు టీ తాగుతూ ఉంటాడు, వాడి గొంతు మాత్రం మన కిటికీ కింద పనిచేస్తూనే ఉంటుంది. పన్నెండు దాటాక పై ఫ్లాటులో డ్రిల్లింగ్. ఆ కొత్త కాపురం గోడలో ఏం వెతుకుతున్నారో ఏ పురావస్తు శాఖా చెప్పలేదు. రెండింటికి ఫోను: ‘‘సార్, మీకు పర్సనల్ లోన్ అప్రూవ్ అయింది’’. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మనవాడు రాత్రి పూట ఫోన్లు చేసినా అవతల అమెరికాలో పట్టపగలు, ఎవరి నిద్రా చెడదు. అలాంటి అహింసావాదికి తిరిగి దక్కేది ఈ ఫోను. కర్మసిద్ధాంతం దీన్ని ఎలా సమర్థిస్తుందో తెలియడం లేదు.

చెవుల్లో దూది, ఫోము బిరడాలు, కళ్ళకు గంత, ఫ్యాను రొద, అన్నీ మంచివే. కాని ఒక సంగతి చూడండి. ఈ పరికరాలన్నీ పడుకునేవాడికే అమ్ముతారు, సలహాలన్నీ వాడికే చెబుతారు, పట్టకపోతే తప్పు వాడి అలవాట్లదే అంటారు. రాత్రి పడుకునేవాడు ఏ బిరడా కొన్నాడు? వాడి నిద్రకు ప్రభుత్వమే కాపలా. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా మైకు మోగకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్ దాకా ఒప్పుకున్న చట్టం రాత్రికి 45తో సరిపెట్టుకోమంది. పైన బంధువుల సౌజన్యం, కొరియర్ల సెలవు, సూర్యుడి గైర్హాజరు. వీధి వీధంతా నోరు మూసుకుంటే తప్ప రాత్రి నిద్ర కూడా ఒంటరిగా ఎవడికీ పట్టదు. పగలు పడుకునేవాడికి అంత సరంజామా బదులు ఒక గొళ్ళెం ఉంది. సిద్ధాంతం: నిద్ర పడుకునేవాడి గుణం కాదు, ఇరుగుపొరుగు ఇచ్చే అప్పు.

దీనికి దృష్టాంతం హైటెక్ సిటీ పక్కన దొరకదు, సింగరేణికి వెళ్ళాలి. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటికి కాల్ సెంటరు మాట అటుంచి ఫోనే ఈ వైపు అపురూపం. గోదావరిఖనిలోనో కొత్తగూడెంలోనో కార్మికుల క్వార్టర్ల లైనులో ఎవరిది ఏ షిఫ్టో పక్కింటికి తెలుస్తుంది, ఎందుకంటే వచ్చే వారం ఆ షిఫ్టు పక్కింటాయనది. పిల్లల్ని అవతలికి పోయి ఆడుకోమనడం అక్కడ మర్యాద కన్నా ముందు లెక్క. గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీకి మన కారు నంబరు తెలుసు, మన నిద్రవేళ తెలియదు.

బంధువుల ఫోను వేరే ప్రకరణం కావలసినంతటిది, కానీ క్లుప్తంగా చెబుతాం. ‘‘ఏరా, పడుకున్నావా?’’ అనే మేనత్త ప్రశ్నను నైయాయికులు పరిశీలించారనే అనుకోవాలి. ‘‘ఆ, పడుకున్నానత్తా’’ అన్న జవాబు తన నోటితో తానే చెడే రకం, వదతోవ్యాఘాతం. ‘‘లేదత్తా’’ అంటే అరగంట. తీయకపోతే ఆవిడ అమ్మకు చేస్తుంది, అమ్మ వచ్చి లేపుతుంది: ‘‘అత్త ఫోన్ చేస్తోందిట, తీయడం లేదుట, ఒంట్లో బాగానే ఉందా?’’

వారాంతం సంగతి. సెలవు రెండు రోజులూ మామూలు మనుషుల్లాగా రాత్రి పదికి పడుకుంటే సోమవారం శరీరానికి మళ్ళీ మొదటి నైట్ షిఫ్టే. పగలే పడుకుంటే భార్యాబిడ్డలకు వాడు ఇంట్లో సామానుకింద లెక్క. పరిశోధకులు మధ్యేమార్గం చూపారు: సెలవు రోజుల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి మధ్యాహ్నం దాకా పడుకుంటే రెండు లోకాలకూ సగం సగం చెందవచ్చు. ఈ పద్ధతి మన పెళ్ళిళ్ళకు కలిసొస్తుంది. రెండు గంటల నలభై నిమిషాల ముహూర్తానికి పెళ్ళికొడుకుతో సహా అందరూ జోగుతుంటే, జీలకర్రా బెల్లం సరిగ్గా నెత్తిన పడిందో లేదో కళ్ళు విప్పార్చి చూసే ఏకైక బంధువు మనవాడే. అంతా కుదిరిందనుకునే సరికి మార్చి రెండో ఆదివారం అమెరికావాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. న్యూయార్కులో తొమ్మిదైతే ఇక్కడ చలికాలం ఏడున్నర, ఎండాకాలం ఆరున్నర. వాళ్ళ వేసవి వెలుగు కోసం కొండాపూర్‌లో ఒకడు గంట ముందు లేవాలి. పంచాంగకర్తలు గ్రహణాలతోపాటు ఈ రెండు తేదీలూ వేయాలని వినతి.

చివరగా తలుపుకు అంటించే కాగితం. బెల్లు వైరు పీకడం ఉత్తమం, కాని ఇంట్లో ముసలివాళ్ళుంటే కుదరదు, అద్దె ఇంట్లో ఓనర్ ఒప్పుకోడు. అందుచేత కాగితమే గతి. ‘‘డిస్టర్బ్ చేయవద్దు’’ అని రాస్తే పొగరనుకుంటారు. ‘‘పాప పడుకుంది’’ అన్నది అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు గానీ పెళ్ళికాని కుర్రాళ్ళ గదికి అది చిక్కులు తెస్తుంది. నిజమే రాయాలన్నది శాస్త్రకారుడి పక్షం: ‘‘రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు. దయచేసి సాయంత్రం నాలుగు దాకా బెల్లు కొట్టవద్దు.’’ పెద్ద అక్షరాలతో, బెల్లు స్విచ్చికి సరిగ్గా పైన అంటించాలి. ఎదురింటి పిన్నిగారు దాన్ని సాంతం చదువుతారు, అయ్యో పాపం అనుకుంటారు, రాత్రి డ్యూటీ ఎక్కడో, జీతం ఏమాత్రమో, సంబంధాలు చూస్తున్నారో లేదో కనుక్కుందామని బెల్లు కొడతారు.