నొక్కి వదిలిన బటన్‌కు టీకా తాత్పర్యం

అవతారిక

మైత్రీవనం దగ్గర కరపత్రం చేతిలో పడకుండా అమీర్‌పేట మెట్రో మెట్లెక్కడం ఎవరి తరమూ కాదు. ఆ కరపత్రాల్లో జావాకూ డేటా సైన్స్‌కూ దక్కిన రంగులు పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) కోర్సుకు దక్కవు. అది అడుగున, సన్న అక్షరాల్లో ఉంటుంది. అయినా జీడిమెట్లలో, పాశమైలారంలో ఏ యంత్రం ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో తేల్చే పెట్టె విద్య అదే. ఆ విద్యకు ఓనమాలుగా తొలి క్లాసులో బోర్డు మీద ఒక గీత గీస్తారు. నాకు తెలిసి దానికి ఇంతవరకు సరైన వ్యాఖ్య లేదు. కొలిచెలమ మల్లినాథసూరి మెతుకుసీమ వాడే కానీ, కాళిదాసు కావ్యాల వ్యాఖ్యల నుంచి ఆయనకు తీరిక దొరికినట్టు లేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను.

మూలము

స్టార్టు గాని మోటారు గాని, స్టాపు కానిచో, ఓవర్‌లోడు కానిచో, మోటారు.

కర్త అజ్ఞాతుడు. పాఠం రిలేల (కరెంటుతో కదిలే స్విచ్చుల) కాలం నాటిది. 1968లో అమెరికాలో డిక్ మోర్లీ బృందం, రిలేలతో కిక్కిరిసిన బీరువాల పనిని ఒకే పెట్టెతో చేయించాలని పూనుకుంది. తమ కంపెనీకి అది 84వ ప్రాజెక్టు గనుక పెట్టెకు 084 అని పేరు పెట్టుకున్నారు. ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే బొమ్మల్నే దానికి భాషగా ఉంచారు. ఆ బొమ్మ నిచ్చెనలా ఉంటుంది కాబట్టి లాడర్, అందులో ఒక్కో మెట్టు రంగ్. ఈ భాషకు వ్యాకరణం 1993లో వచ్చింది, ఇప్పటి పేరు ఐఈసీ 61131-3.

ప్రతిపదార్థము

స్టార్టు = పచ్చ బటను నొక్కబడుట; గాని = లేదా; మోటారు = ఇదివరకే తిరుగుచున్న మోటారు; గాని = అయినను; స్టాపు = ఎర్ర బటను; కానిచో = నొక్కబడనిచో; ఓవర్‌లోడు = మితిమీరి కరెంటు లాగుటచే రిలే వేడెక్కి ట్రిప్పగుట; కానిచో = జరుగనిచో; మోటారు = మోటారుకు కరెంటు కలుపు కాంటాక్టరు కాయిలుకు ఆజ్ఞ. ‘అగును’ అనునది అధ్యాహారము.

తాత్పర్యము

పచ్చది నొక్కి వదిలితే మోటారు తిరుగుతుంది, వేలు తీశాక కూడా తిరుగుతూనే ఉంటుంది. ఎర్రది నొక్కినా, వేడెక్కినా ఆగుతుంది. ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లలో తెల్లారకముందే సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే వాచ్‌మన్‌కు ఈ సంగతి టీకా లేకుండానే తెలుసు.

విశేషములు

ఇచట ఒక శంక. ఇంత చిన్న సూత్రంలో మోటారు రెండుసార్లు రావడం పునరుక్తి కదా? పైగా మోటారు తిరుగుతోంది కాబట్టి మోటారు తిరుగుతుంది అంటే, తన మీద తానే ఆధారపడే ఆత్మాశ్రయ దోషం.

దోషం లేదు. పీఎల్‌సీ పుట్టిన దగ్గర్నుంచీ చేసేది ఒక్కటే పని. బయటి ఇన్‌పుట్లు చదువుతుంది, రంగ్‌లన్నీ పైనుంచి కిందికి వరసగా చూస్తుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఈ చుట్టును స్కాన్ అంటారు. మామూలుగా కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఎడమన ఉన్న మోటారు కిందటి చుట్టుది, కుడిన ఉన్నది ఈ చుట్టుది. కాబట్టి ఇది బీజాంకుర న్యాయం. మొదటి విత్తనం ఎక్కడిదంటారా, పచ్చ బటన్ మీద వేలు ఉండనే ఉంది.

అసలు చిక్కు దీని తరవాత ఉంది. పాతకాలపు స్టార్టర్‌లో ఎడమవైపు మోటారు అంటే కాంటాక్టరు మీద 13, 14 అని అంకెలు వేసి ఉండే కాంటాక్టు. కాంటాక్టరు నిజంగా లాగితేనే అది కలుస్తుంది, అంటే జరిగిన పనికి సాక్ష్యం. పీఎల్‌సీలోకి వచ్చేసరికి చాలామంది ఆ తీగ ఇన్‌పుట్‌కు తేవడం మానేసి, కాయిలు బిట్‌నే తెచ్చి ఎడమన పెట్టేశారు. అప్పుడది సాక్ష్యం కాదు, తానిచ్చిన ఆజ్ఞను తానే మళ్లీ చదువుకోవడం. కాయిలు తీగ ఊడిపోయినా స్క్రీన్ మీద మోటారు బొమ్మ పచ్చగా తిరుగుతుంటుంది, కింద మోటారు చల్లగా పడుంటుంది.

దీంతో వ్యాఖ్యాతల్లో రెండు మతాలు పుట్టాయి. ఆజ్ఞావాదుల లెక్కలో చెప్పాం కాబట్టి జరిగినట్టే. సాక్ష్యవాదులు 13–14 కలిసేదాకా ఏదీ నమ్మరు. వినగానే రెండోదే సరైనదనిపిస్తుంది. కానీ పూర్తిగా దాని మీదే నడిస్తే మరో బెడద. కంప్యూటర్ తెర మీంచి యంత్రాల్ని నడిపే స్కాడా నుంచి వచ్చే స్టార్టు కొన్నిచోట్ల ఒక్క స్కాన్ పాటు వెలిగి ఆరిపోతుంది. కాంటాక్టరు లాగడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. సాక్ష్యం వచ్చేలోపు ఆజ్ఞ చచ్చిపోతుంది, మోటారు ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుంది.

సిద్ధాంతం: పట్టు ఆజ్ఞదే ఉండాలి, కాపలా సాక్ష్యం కాయాలి. ఆజ్ఞ వెళ్లగానే టైమర్ మొదలవ్వాలి. రెండు మూడు సెకన్లలో 13–14 కలవకపోతే ఆజ్ఞను వెనక్కి తీసుకుని ఫాల్ట్ అని చెప్పాలి. ఆ సెకన్లలో మోటారు స్థితి తిరుగుతోందీ కాదు, ఆగిందీ కాదు, మొదలవుతోంది. ఈ నడిమి స్థితిని లెక్కలోకి తీసుకోని ప్రోగ్రాం ఎంత పొడుగున్నా నాకు పసివాడి రాతలాగే కనబడుతుంది. బ్యాచ్ కర్మాగారాల కోసం 1995లో వచ్చిన ఐఎస్‌ఏ-88 ప్రమాణం ఈ భేదాన్ని గట్టిగా పట్టుకుంది. అందులో ఆపు అన్నది ఆజ్ఞ. ఆగుతోంది, ఆగింది అన్నవి రెండు వేరు వేరు స్థితులు. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో సెంట్రిఫ్యూజ్‌కు స్టాపు నొక్కాక కూడా బుట్ట చాలాసేపు గిర్రున తిరుగుతుంది. అది నిలిచిందని సాక్ష్యం వచ్చేదాకా మూత తాళం వదలకూడదు.

కాంటాక్టరు లాగినా బెల్టు తెగి ఉండొచ్చు, పంపులో నీళ్లు లేకపోవచ్చు కదా అని సాక్ష్యానికి సాక్ష్యం అడిగేవారున్నారు. అడగొచ్చు, దానికి ఫ్లో స్విచ్ ఉంది. ఆ స్విచ్ పనిచేస్తోందా అని కూడా అడిగితే అనవస్థ. ఎక్కడ ఆపాలో యంత్రం ఖరీదూ మనుషుల ప్రాణమూ చూసి తేల్చుకోవాలి. హాస్టల్ ట్యాంకుకు కింద పడే నీటి చప్పుడే చాలు.

పాఠాంతరము

‘స్టాపు కానిచో’ దగ్గర ప్రతులు విడిపోతాయి. కోచింగ్ నోట్సు జెరాక్స్ ప్రతుల్లో స్టాపు కాంటాక్టుకు అడ్డగీత, అంటే ‘కానిచో’ అనే గుర్తు, ఉంటుంది. బాలానగర్‌లో ప్యానెల్ వైరింగ్ చేసేవారి ప్రతిలో ఉండదు. అడ్డగీతే సహజంగా తోస్తుంది, కానీ రెండోదే సాధువు. బయట ఎర్ర బటన్‌నే ఎన్‌సీగా బిగిస్తారు, అంటే నొక్కనంతసేపూ దానిగుండా కరెంటు వస్తూ ఉంటుంది. నొక్కినా పోతుంది, ఎలుక తీగ కొరికినా పోతుంది. రెంటికీ మోటారు ఆగుతుంది. జెరాక్స్ ప్రతిని నమ్మి, నొక్కితేనే కరెంటు వచ్చే ఎన్‌ఓ బటన్ బిగిస్తే, తీగ తెగిన సంగతి ఆపాల్సి వచ్చిన రోజునే తెలుస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు బయటి ఎన్‌సీకి లోపల అడ్డగీత కూడా కలుపుతాడు. అప్పుడు మోటారు పచ్చ బటన్‌కు కదలదు. ఎర్రదాన్ని నొక్కిపట్టి పచ్చది నొక్కితే మాత్రం శుభ్రంగా తిరుగుతుంది. ఇది నవ్వులాటగా కనిపించినా, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న.

ఎమర్జెన్సీ స్టాపు మూలంలో లేదు కాబట్టి ప్రతిజ్ఞ ప్రకారం వదిలేయాలి. ఒక్కమాట మాత్రం. అది ఈ పెట్టె దయమీద ఆధారపడకుండా విడిగా పవర్‌ను తెంపగలగాలి. అలా ఆగిన యంత్రం, బటన్ వెనక్కి లాగినంత మాత్రాన కదలకూడదు. మెట్రోలో ఎవరో ఎర్ర బటన్ నొక్కి ఎస్కలేటర్ ఆపితే, సిబ్బంది తాళంచెవితో వచ్చేదాకా జనం దాన్ని మామూలు మెట్లుగా ఎక్కేది అందుకే. రీసెట్ అంటే క్షమాపణే, స్టార్టు కాదు.

కరెంటు పోయి వస్తే ఏమవ్వాలి? మూలం ప్రకారం మోటారు మళ్లీ మొదలవదు. కిందటి చుట్టులో మోటారు లేదు, పచ్చ బటన్ మీద వేలూ లేదు. ఇదే పనిని సెట్, రీసెట్ అని రెండు రంగ్‌లుగా రాసే శాఖవారున్నారు. వారు వాడిన బిట్ కరెంటు పోయినా గుర్తుంచుకునే రకమైతే, కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. సనత్‌నగర్ షెడ్డులో రంపం అలా లేస్తే ఘోరం. వానాకాలం మైత్రీవనం చుట్టుపక్కల సెల్లార్లలో నీరు తోడే పంపు లేవకపోతే అదీ ఘోరమే. క్లాసులో ఈ రెండు పద్ధతులూ ఒకటే అని దాటేస్తారు. నాకు అక్కడే ఆక్షేపణ.

ఒకే మోటారు కాయిలును రెండు రంగ్‌ల చివర రాయడం అపశబ్దం. రెండూ రెండు రకాలుగా చెబితే కింది రంగ్ మాటే చెల్లుతుంది, ఎందుకంటే అవుట్‌పుట్లు రాసే వేళకు చివరి విలువే మిగులుతుంది. సమబలం గల రెండు సూత్రాలు ఢీకొంటే తరవాతిదే నెగ్గుతుందని పాణిని ముందే పరిభాష చేశాడని కొందరు దీన్ని సమర్థిస్తారు. పాణిని తెలిసి చేశాడు, వీళ్లు తెలియక చేస్తారు. ఎన్ని దిక్కుల నుంచి ఆజ్ఞలొచ్చినా అన్నీ ఒకే రంగ్‌లోకి చేరి, అక్కడ ఒక్కసారే కాయిలుకు వెళ్లాలి.

ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరిదన్న దానికి ఉదాహరణ పంజాగుట్ట చౌరస్తా. క్లాసుల్లో రెండో పాఠం కూడా ట్రాఫిక్ లైటే. సిగ్నల్ ఆటోమేటిక్‌లో ఉన్నంతసేపు టైమర్ రాజ్యం. పోలీసు పెట్టె తెరిచి మాన్యువల్‌లో పెడితే ఆయన రాజ్యం. అయినా మంచి కంట్రోలర్‌లో ఆయన బటన్‌కున్న అర్థం ‘తరవాతి దిక్కు’ అనే వరకే. పచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు, ఆపైనే మరో దిక్కుకు పచ్చ. మంత్రిగారి కాన్వాయ్ వస్తున్నా పసుపును దాటవేసే అధికారం ఆ వేలికి ఉండదు, ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు దిక్కులకు ఒకేసారి పచ్చ ఇచ్చే అధికారం అసలే ఉండదు. మాన్యువల్ అంటే అడిగే మనిషి మారాడని మాత్రమే, నియమాలు మారాయని కాదు.

ప్రక్షిప్తము

కొన్ని ప్రతుల్లో ఓవర్‌లోడు కాంటాక్టుకు సమాంతరంగా ఎం 100.6 అనే పేరులేని కాంటాక్టు కనబడుతుంది. ప్యానెల్లో అయితే అదే ఒక జంపరు తీగ ముక్క. ఇది మూలకర్తది కాదని శైలిని బట్టి చెప్పవచ్చు. కామెంటు ఉండదు, ట్యాగ్ ఉండదు, డ్రాయింగ్‌లో జాడ ఉండదు. నైట్ షిఫ్టులో, డిస్పాచ్ తొందరలో, మాటిమాటికీ ట్రిప్పవుతున్న మోటారుతో విసిగినవాడి చేతిరాత. పరిష్కర్త దీన్ని చూడగానే కొట్టేయాలని ఉబలాటపడతాడు. ముందు కిందికి దిగి బేరింగు చేత్తో తిప్పి చూడాలి, క్లాంప్ మీటరు పెట్టి మూడు ఫేజుల కరెంటూ కొలవాలి, రిలే సెట్టింగు నేమ్‌ప్లేటుతో సరిపోయిందో చూడాలి. ఆ తరవాతే కొట్టివేత. లేకపోతే మర్నాటి షిఫ్టుకు ఎం 100.7 వస్తుంది.