మీ ఫోన్ మోగడం లేదా?

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒక్క కాలూ రాని ఫోన్‌ను జేబులో పెట్టుకు తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలి. డెబ్భై వేలు పోసి కొంటారు. జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్లి టెంపర్డ్ గ్లాసు వేయిస్తారు, వెనక కవరు తొడిగిస్తారు. తీరా అది పెళ్లయిపోయిన మర్నాటి పందిరిలా ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది. నిన్న ఒక్కరోజే నాకు 31 కాల్స్ వచ్చాయి. అందులో తెలిసినవాళ్లు ఇద్దరు. మిగతా 29 మందిలో ఒకరు అప్పిస్తామన్నారు, ఒకరు క్రెడిట్ కార్డు లిమిట్ పెంచుతామన్నారు, ఒకాయన శంకర్‌పల్లి దగ్గర ప్లాటు చూపించడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా గుమ్మం దాకా కారు పంపిస్తానన్నాడు. ఫ్రీగా. మా సొంత తమ్ముడు పెళ్లికి పిలిచినప్పుడు కూడా కారు పంపిస్తానని అనలేదు.

ఇది ఒక్కరోజులో వచ్చిన వైభోగం కాదు. పదిహేనేళ్ల సాధన. కొత్త వస్తువు బజార్లోకి వస్తే మొదటి వారంలో మా ఇంట్లో ఉండాలన్నది నా నియమం. ఆ నియమంలోంచే మిగతాదంతా పుట్టింది. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి పద్ధతి రాసిపెడుతున్నాను.

అడిగినవాడికి లేదనకుండా నంబరు ఇవ్వడం దగ్గర మొదలుపెట్టండి. షాపింగ్ మాల్ గుమ్మంలో రిబ్బను కట్టిన కారు, పక్కన గాజుపెట్టె, పెట్టె పక్కన చీటీల కట్ట ఉంటాయి. తప్పించుకుపోకండి. పేరు, నంబరు, ఈమెయిలు, పుట్టినరోజు, పెళ్లిరోజు, జీతం ఎంతో కూడా పూరించి వెయ్యండి. కారు ఇంతవరకూ రాలేదు. కానీ మా పెళ్లిరోజు నేను మర్చిపోయిన ఏడాది కూడా ఒక నగల దుకాణం మర్చిపోలేదు. చొక్కా కొన్నా, చెప్పులు కొన్నా బిల్లు దగ్గర అమ్మాయి నంబరు అడుగుతుంది. ఇవ్వక్కర్లేదని కొందరు వాదిస్తారు, వెనక లైన్లో ఉన్నవాళ్లను నిలబెట్టి మరీ. అంత లోభం నాకు లేదు.

ఇక స్మార్ట్ సామాన్లు. మామూలు బల్బు కొంటే హోల్డరులో పెట్టి స్విచ్ వేస్తారు, అంతటితో సరి. నేను కొన్న స్మార్ట్ బల్బు వెలగాలంటే ముందు యాప్ దించాలి. యాప్ నా నంబరు అడిగింది, నేనెక్కడున్నానో అడిగింది, కాంటాక్టులు చూసుకోవచ్చా అని అడిగింది. అన్నిటికీ సరే నొక్కాను. మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. "మామయ్యా, దీపానికి మన చుట్టాల నంబర్లెందుకు? సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసెయ్యి, తీసేసినా వెలుగుతుంది" అన్నాడు. వాడు చెప్పింది నిజమే, తర్వాత చూశాను, వెలుగుతుంది. కానీ ఇంటికొచ్చినవాడు నీ వాళ్లెవరయ్యా అని అడిగితే చెప్పమా? బరువు తూచే మిషన్‌కీ, పళ్లు తోముకునే బ్రష్‌కీ అదే మర్యాద చేశాను.

అన్నిటికీ ఒకే ఈమెయిల్ వాడండి. ఇక్కడ కూడా మేనల్లుడు ఒక చిట్కా చెప్పాడు. దాన్ని పాటించకూడదు కాబట్టే వివరంగా చెబుతున్నాను. జీమెయిల్ చిరునామాలో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి, ఆ వెనక దుకాణం పేరు తగిలించి ఇవ్వొచ్చట. ఉత్తరం మామూలుగా మన పెట్టెలోకే వస్తుంది. రేపెప్పుడైనా ముక్కూ మొహం తెలియని కంపెనీ ఆ తోక ఉన్న చిరునామాకే రాసిందంటే, మన వివరాలు ఏ దుకాణం గడప దాటాయో పట్టేయొచ్చు. పట్టుకుని ఏం చేస్తాం? పెళ్లిలో పంక్తిలో కూచున్నవాణ్ణి నిన్నెవరు పిలిచారని అడుగుతామా?

ఈ ఉత్తరాలంటే చిరాకు పడేవాళ్లకు చరిత్ర తెలియదు. స్పామ్ పుట్టిందే మనలాంటి సామాను పిచ్చివాళ్ల కోసం. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్లు చూడ్డానికి రమ్మంటూ అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒక్క దెబ్బలో ఉత్తరం పంపించాడు. చిరునామాలు అచ్చయిన డైరెక్టరీలోంచి చూసి చేత్తో టైపు కొట్టించారు. అవి మరీ ఎక్కువైపోయి, పైన వాటికి కేటాయించిన చోటు నిండిపోయి, ఉత్తరం మధ్యలోకి పొర్లాయి. అమెరికా రక్షణశాఖ నెట్‌వర్క్ కాబట్టి చీవాట్లు పడ్డాయి. అయితే అమ్మకాలు బాగానే జరిగాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. స్పామ్ అన్న పేరు అప్పటికింకా దానికి అంటుకోలేదు. అది 1937 నుంచి అమ్ముతున్న ఒక డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టీవీలో మాంటీ పైథాన్ బృందం ఒక హాస్య నాటిక వేసింది. అందులో హోటల్లో ఏ పలహారం అడిగినా ఆ మాంసం లేకుండా రాదు. మన దగ్గరైతే ఇడ్లీలో ఉప్మా, దోసెలో ఉప్మా, కాఫీతో ఉప్మా అన్నట్టు. ఆ పేరే ఈ ఉత్తరాలకు తగులుకుంది. 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ ఇంకో రెండేళ్లలో ఈ బెడద తీరిపోతుందన్నప్పుడు నాకు గుండె జారింది. పెద్దవాళ్ల మాటలు అన్నీ నిజం కావు, దేవుడున్నాడు.

జాగ్రత్తపడాల్సింది టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ వాళ్లతో. వాళ్ల దగ్గర డీఎన్‌డీ అని ఒకటుంది. 1909కి ఫోన్ చేసినా, లేదా స్టార్ట్ అని రాసి పక్కన సున్నా పెట్టి అదే నంబరుకి మెసేజ్ పంపినా ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపేయమని కోరినట్టే. కొన్ని మాత్రమే వద్దనుకునేవాళ్లకు బ్యాంకులు, రియల్ ఎస్టేటు, చదువులు, ఆరోగ్యం, సరుకులు, ప్రయాణాలు అంటూ విడివిడిగా ఏరుకునే వీలుంది. మా ఆవిడ ఒకరోజు నాకు చెప్పకుండా తన ఫోన్‌కి ఇది పెట్టించుకుంది. అయినా ఎవరో పది అంకెల మామూలు నంబరు నుంచి ప్లాటు గురించి చేస్తే దాని మీద ఫిర్యాదు కూడా పెట్టింది. పూర్వం మూడు రోజుల్లోపే పెట్టాలనేవారు, 2025లో ఏడు రోజులు చేశారు. అంటే మా ఆవిడలాంటివాళ్లకు తీరిక పెంచారన్నమాట. ఇప్పుడు ఆవిడ ఫోన్ మధ్యాహ్నం పూట అసలు మోగదు. పాపం, నాలుగింటి దాకా నిద్రపోతూనే ఉంటుంది.

మెసేజ్ పంపినవాడి పేరు మీ ఫోన్లో ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా చూశారా? ముందు రెండక్షరాలుంటాయి: ఒకటి టెలికాం కంపెనీకి గుర్తు, ఇంకోటి సర్కిల్‌కి. (రాష్ట్రాలు రెండయినా మన టెలికాం సర్కిల్ ఇప్పటికీ ఒక్కటే. అప్పు ఇచ్చేవాళ్లకు మనం విడిపోలేదు.) మధ్యలో కంపెనీ పేరు. చివర 2025 నుంచి ఒక తోక తగిలిస్తున్నారు: పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. కాల్స్‌కీ ఇలాంటి ఏర్పాటే ఉంది; 140తో మొదలైతే అమ్మకం, 1600తో మొదలైతే బ్యాంకులాంటివాళ్ల అసలు పని. ఇవన్నీ మనసులో పెట్టుకుంటే ఫోన్ ఎత్తకముందే సగం ఆనందం పోతుంది. తలుపు తియ్యకముందే కన్నంలోంచి చూడటం లాంటిది.

ఎత్తాక మాత్రం మాట కలపండి. ఇది నా సొంత పద్ధతి. "సార్, పర్సనల్ లోన్..." అని ఆ అమ్మాయి మొదలుపెట్టగానే నేను "అమ్మా, నువ్వు వాడుతున్న హెడ్‌సెట్ ఏ కంపెనీదమ్మా, వెనక రొద వినిపిస్తోంది" అంటాను. అక్కణ్ణించి నాయిస్ క్యాన్సిలేషన్ ఎలా పనిచేస్తుందో చెబుతాను: బయటి మోతను చిన్న మైకు పట్టుకుంటుందనీ, దానికి సరిగ్గా తిరగేసిన అలను చెవిలో వదిలితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనీ. ఏసీ హోరులాంటి ఒకేతీరు మోతకు బాగా పనిచేస్తుందనీ, మనుషుల మాటలకు అంతగా కాదనీ. ఒకమ్మాయి ఇరవై నిమిషాలు విన్నది. మర్నాడు ఆ కంపెనీ నుంచి ఫోనే రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సెలవులేమో.

ఈమెయిల్ విషయంలో రెండు మాటలు. "ఇక పంపొద్దు" అన్న లింకు ఎవరి ఉత్తరం కింద ఉన్నా నొక్కండి, ముఖ్యంగా ఎవరో తెలియనివాళ్లది. పేరున్న కంపెనీ అయితే ఆపేస్తుంది, అది మనకు నష్టం. ఊరూ పేరూ లేనివాడైతే ఈ చిరునామాలో మనిషి బతికే ఉన్నాడని ఖాయం చేసుకుంటాడు. బొమ్మలు వాటంతటవే తెరుచుకునేలా పెట్టుకోండి. కొన్ని ఉత్తరాల్లో కంటికి కనిపించనంత చుక్క బొమ్మ ఒకటి దాచి ఉంటుంది, అది తెరుచుకుంటే మీరు ఉత్తరం విప్పారని అవతలివాడికి తెలుస్తుంది. రెండోది, స్పామ్ పెట్టెలో పడ్డవాటిని రోజూ బయటికి తీసి "ఇది స్పామ్ కాదు" అని నొక్కుతూ ఉండండి. ఆ జల్లెడ మననుంచే నేర్చుకుంటుంది. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో ఆ కిటుకు వివరించాడు: మంచి ఉత్తరాల్లో ఏ మాటలు ఎక్కువొస్తాయో, చెత్తలో ఏవి ఎక్కువొస్తాయో లెక్కగట్టి, కొత్త ఉత్తరం ఏ వైపు మొగ్గుతుందో తేల్చడం. అంటే మనం పట్టుపట్టి ఉల్టా నేర్పితే అది ఉల్టాయే నేర్చుకుంటుంది. నాది ఇప్పుడు పూర్తిగా దారికొచ్చింది. మొన్న నా ఫోన్ తెర ఉచితంగా మార్చిస్తామని, ఫలానా తేదీలోపు తెచ్చుకోమని సర్వీసు సెంటరు రాసిన ఉత్తరం నాలుగు వందల లాటరీల కింద దొరికింది. గడువు దాటి పదకొండు రోజులే.

ఓటీపీ అడిగేవాళ్లకు మాత్రం నేను ఏమీ చెయ్యలేకపోతున్నాను. అది మా ఆవిడ ఫోన్‌కి వెళ్తుంది. ఫ్రిజ్ మీద 1930 అని పెద్దక్షరాలతో రాసి అంటించింది, సైబర్ మోసాల నంబరట. నిద్రలేచి వచ్చి, "ఆ ఫోన్‌తోనే కాపురం చెయ్యండి, డబ్బు సంగతి నాకొదిలెయ్యండి" అంటుంది. ప్రతి ఇంట్లో ఒక ఛాదస్తం ఉంటుంది.

ఫోన్ ఎవరు చేస్తున్నారో పేరుతో సహా చూపించే యాప్‌లున్నాయి కదా, నాకు చాలా ఇష్టం. ఒకదానికి నా కాంటాక్టులు ఎనిమిది వందలూ ఇచ్చేశాను. ఇలాంటివి జనం అప్పగించిన పుస్తకాల్లోంచే పేర్లు పోగుచేసుకుంటాయి. కిందింటాయన్ని నేను "మోటారు తగాదా" అని దాచుకున్నాను. ఈమధ్య ఆయన ఎవరికి ఫోన్ చేసినా అదే పేరు కనిపిస్తోందట. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు.

తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా ఉండాలి. ప్రతి కొత్త యాప్‌కీ ఒక రిఫరల్ కోడు ఉంటుంది, మనవాళ్లు దాంతో చేరితే వాళ్లకో యాభై, మనకో యాభై. దాన్ని ఎనిమిది వందల మందికీ పంపిస్తాను. పండక్కి ఒకసారి, వాళ్లు మర్చిపోయి ఉంటారని కనుమనాడు ఇంకోసారి. కొత్త వాచీ కొంటే నా గుండె ఎలా కొట్టుకుంటోందో గ్రాఫు పంపిస్తాను. చూసుంటారో లేదోనని ఫోన్ చేసి అడుగుతాను.

పోయిన ఆదివారం మా బావ వచ్చాడు. కొత్త ఫోన్ కొన్నాడని తెలిసి, రింగు ఎలా ఉందో విందామని ఎదురుగా కూర్చునే చేశాను. తెర మీద నా పేరు వచ్చింది. పేరు వెనకంతా ఎర్రరంగు. కింద స్పామ్ అని, 17 మంది ఫిర్యాదు చేశారని. బావ గబుక్కున ఫోన్ బోర్లించాడు. మా ఆవిడ కాఫీ తెస్తూ చూసేసింది, ఏమీ అనలేదు, ఇంకో చెంచా పంచదార వేసి ఇచ్చింది.

ఏదో పొరపాటు జరిగుంటుంది. ఆ పదిహేడు మంది ఎవరో కనుక్కుందామని కాంటాక్టుల్లో "అ" నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. ప్రస్తుతం "క" దగ్గరున్నాను. చాలామంది ఎత్తడం లేదు.