శ్వాస మీద ధ్యాస, ర్యాంకు మీద ఆశ

జమ్మలమడుగు పిల్లలకు ధ్యానం నేర్పాలట. చదువుల ఒత్తిడి తగ్గుతుందట. కనిపించని దాన్ని కళ్ళు మూసుకుని చూస్తూ కూర్చోవడానికి ఈ తాలూకాలో కొత్తగా గురువులు కావాలా? ఉక్కు ఫ్యాక్టరీ ఉండనే ఉంది. 2007లో అంబవరం దగ్గర మొదటి రాయి పడింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో మరో రాయి. ఏడాది తిరక్కముందే, 2019 డిసెంబరులో, సున్నపురాళ్ళపల్లెలో ఇంకోటి. 2023 ఫిబ్రవరిలో అదే పల్లెలో మళ్ళీ భూమిపూజ. నాలుగు కొబ్బరికాయలకు ముగ్గురు ముఖ్యమంత్రులు. మధ్యలో 2014 విభజన చట్టం కూడా ఆరు నెలల్లో పరిశీలించమని ఓ మాట రాసిపెట్టింది. ఉక్కు ముక్క మాత్రం ఇంతవరకు బయటికి రాలేదు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లల్లో చాలామంది ఆ మొదటి రాయి కంటే వయసులో చిన్నవాళ్ళు. పుట్టుకతోనే సాధకులు వాళ్ళు. వాళ్ళకు ఓర్పు మీద క్లాసు!

ఊళ్ళో పని లేదు కాబట్టి పిల్లోడు ఇంజనీరు కావాలి. ఇంజనీరు కావాలంటే విజయవాడ పోవాలి. విజయవాడ పోవాలంటే శనగ అమ్మిన డబ్బు చాలదు గనక అమ్మ గాజులు ప్రొద్దుటూరు తాకట్టుకు పోవాలి. పులివెందులలో అయితే చీనీ తోట మీద అప్పు పుడుతుంది. పదహారేళ్ళ పిల్లోడు పెట్టె సర్దుకుని బస్సెక్కేటప్పుడు ఆ గాజులూ ఆ తోటా వాడి నెత్తి మీదే ఎక్కుతాయి. బస్సు కదిలేముందు నాన్న అనే చివరి మాట: "టెన్షన్ పెట్టుకోగాకు నాయనా, బాగా చదువుకో సాలు."

ఇక హాస్టలు. తెల్లవారుజామున ఐదుకు బెల్లు, రాత్రి పది దాటాక దీపాలార్పు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు మొత్తుకుంటారు. వైద్యులకేం, వాళ్ళు ఎప్పుడో సీటు కొట్టేశారు! ఆదివారం పరీక్ష, సోమవారం మార్కులు, మంగళవారం సెక్షను మార్పు. 470కి 466 వచ్చినవాడిని ఆ నాలుగూ ఎక్కడ పోయాయని నిలదీసే లెక్కల మాస్టారు. ఫలితాల రోజు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని గుక్కతిప్పుకోకుండా సాగే జపం. తెలుగునాట ఇంతమంది ఏకకాలంలో విన్న మంత్రం ఇంకోటి లేదు.

ఇదంతా అయ్యాక యాజమాన్యానికి జాలి పుడుతుంది. స్టడీ అవర్‌లో పదిహేను నిమిషాలు కోసి ధ్యానం పెడుతుంది. ఆ పదిహేను నిమిషాలనూ ఆదివారం మధ్యాహ్నం నుంచి వసూలు చేసుకుంటుంది, అది వేరే సంగతి.

"అబ్బీ, కండ్లు మూసుకున్యావా?"

"మూసుకున్యా సార్."

"ఏం కనపడ్తాంది?"

"రేపటి కెమిస్ట్రీ టెస్టు సార్."

"దాన్ని వదిలెయ్. శ్వాస మీద ధ్యాస పెట్టు."

"వదిలేస్తే సెక్షన్ మారుస్తారు సార్."

ధ్యానాన్ని నేను తిట్టడం లేదు. నిదానంగా ఊపిరి వదిలితే గుండె దడ తగ్గుతుంది, నిజమే. పక్కనే కర్నూలులో 1990లో సుభాష్ పత్రి మొదలుపెట్టిన ఉద్యమం ఈ శ్వాస మీద ధ్యాసను ఊరూరా తిప్పింది. ఇష్టపడి కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు. బెల్లు కొట్టి కూర్చోబెట్టడం వేరు. బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లల మీద పరీక్షించి 2022లో తేల్చిందేమిటంటే, క్లాసులో అందరికీ కట్టగట్టి నేర్పిన ధ్యానం వల్ల మామూలు పాఠాలకు మించిన మేలేమీ కనపడలేదని. ఇంటిదగ్గర చేయమంటే చాలామంది పిల్లలు చేయనేలేదట. అక్కడి పిల్లలకు నెత్తిన గాజుల బరువు కూడా లేదు! కింద మంట తగ్గించకుండా, పొంగే పాలనే నిదానించమనడం ఏం న్యాయం?

మంట తగ్గించమన్న పెద్దలు లేకపోలేదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ నివేదికలు ఇచ్చాయి. అవి సచివాలయంలో పద్మాసనం వేసుకుని ఉన్నాయి. మన రాష్ట్రంలో ధ్యానం నిజంగా సిద్ధించింది ఫైళ్ళకే.

చివరికి విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వెళ్ళి ప్రాణం కోల్పోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జులై 25న ఆ కోర్టు చెప్పినదాంట్లో పద్మాసనం ఊసు పెద్దగా లేదు. వందమంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచిలుగా విడగొట్టొద్దంది. నలుగురిలో అవమానించొద్దంది. ఇదంతా ఖర్చుతో కూడిన పని, పైగా స్టార్ బ్యాచి లేకపోతే టీవీలో జపం ఎలా సాగుతుంది? కళ్ళు మూసుకోమనడానికైతే ఓ చాప చాలు.

నాదొక ప్రతిపాదన. ధ్యానం ముందు పెద్దలతో మొదలుపెడదాం. ఫలితాల రోజు యాజమాన్యాలు టీవీ ప్రకటన మాని మౌనం పాటించాలి. నాయకులు ఐదో కొబ్బరికాయ కొట్టేముందు సున్నపురాళ్ళపల్లెలో ఒక పూట కళ్ళు తెరిచి కూర్చోవాలి. నాన్నలు ఫోనులో మొదటి ప్రశ్నగా "ఎన్నొచ్చినాయ్?" అనకుండా ఒక్క వారం నిగ్రహించుకోవాలి. ఈ మూడోది హిమాలయాలకు పోయినా సాధించడం కష్టమని నాకు తెలుసు.

అయినా జమ్మలమడుగు అమ్మానాన్నలారా, ఈసారి ఫీజు కట్టడానికి పోయినప్పుడు ధ్యాన మందిరం చూపిస్తే దండం పెట్టి, కౌన్సెలర్ గది ఎక్కడుందో అడగండి. గది చూపిస్తే మనిషిని చూపించమనండి. రసీదు ఆ తర్వాతే తీసుకోండి. పిల్లల ఫోనులో 14416 నంబరు వేసి ఇవ్వండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, ర్యాంకు అడగరు.