నెంబరు పోవును: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదకు సీమలో కొలిచెలమ ఊరివాడు మల్లినాథసూరి. మూలంలో లేనిది ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాసినవాడు. ఆయన కొడుకు కుమారస్వామి మన ఓరుగల్లు పుస్తకానికే, అంటే ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయానికే, రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. అలంకారశాస్త్రం ఇంతగా పండిన ఊళ్లో, పొద్దున లేస్తే జనం బారులు తీరి చదివే ఒక వాక్యానికి నేటి వరకు టీక లేకపోవడం మాకు చిన్నతనంగా తోచింది.

ఆ వాక్యం హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో, ఓపీ కౌంటర్ అద్దం మీద అంటించి ఉంది. దవాఖాన పేరు చెప్పం. వ్యాఖ్యాతకు మూలంతో పని గాని అచ్చేసినవాడితో కాదు. మా బాపు గుండె పరీక్షకని ఒక మంగళవారం పోయి, దాని కింద గంటా అయిదు నిమిషాలు నిలబడ్డాం. బాపు ముప్పై మూడేళ్లు తెలుగు పండిట్‌గా చేసి రిటైరయిన మనిషి. ఏ వాక్యం కిందైనా సరే, అంతసేపు నిలబెడితే ఊరుకోడు. ఈ టీకలో పాండిత్యమంతా ఆయనది, విసుగు నాది.

మూలం

“ఓపీ పేషెంట్లు తమ టైమునకు 30 ని॥లు ముందుగా వచ్చి కౌంటర్ నందు చెక్-ఇన్ చేసుకొనవలెను. పిలిచినపుడు లేనిచో నెంబరు పోవును.”

ప్రతిపదార్థం

ఓపీ పేషెంట్లు = బయటి రోగులు. పేషెంట్ అన్న మాటకు లాటిన్‌లో ఓర్చుకునేవాడని అర్థం. రోగాన్ని ఓర్చుకునేవాడని డాక్టర్ల మతం. లైన్‌ను ఓర్చుకునేవాడని లైన్లో ఉన్నవాళ్ల మతం. రెండూ గ్రాహ్యాలే.

తమ టైమునకు = తమదైన సమయానికి. ఇక్కడ షష్ఠి గమనించదగ్గది. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో బాపు టైము 11:10 అని ఉంది. ఆ ‘పది’ చూసి ఆయన మురిసిపోయాడు. “పదకొండు అంటె నమ్మకపోదును రా. పదకొండూ పది అన్నడంటె వీడెవడో లెక్క ఉన్నోడే” అన్నాడు. రాత్రి నిద్రపోయే ముందు కూడా ఒకసారి ఫోన్ తెప్పించుకుని చూసుకున్నాడు. జీవితంలో ఒకరు తనకని పది నిమిషాలు విడిగా తీసిపెట్టడం ఆయనకు అదే మొదటిసారి కావచ్చు.

30 ని॥లు = ఘడియకు 24 నిమిషాల లెక్కన ఒకటింబావు ఘడియలు. దీని విశేషం ముందు చెబుతాం.

ముందుగా వచ్చి = క్త్వార్థకం. వచ్చిన తరువాతనే తక్కిన పని. మేం మట్టెవాడలో ఆటో ఎక్కి, ఎంజీఎం చౌరస్తా దాటి, 10:20కే అక్కడున్నాం. అంటే బోర్డు అడిగినదానికన్నా ఇరవై నిమిషాలు ముందు. మా ముందర 22 మంది.

చెక్-ఇన్ = ఇది దేశ్యమూ కాదు, తత్సమమూ కాదు. హోటల్లో చెక్-ఇన్ అయితే తాళంచెవి ఇస్తారు. విమానానికైతే కిటికీ పక్కన సీటిస్తారు. ఇక్కడ మాత్రం మననే ఫోన్ నెంబరు ఇయ్యమంటారు.

చేసుకొనవలెను = ‘చేయు’కు ‘కొను’ చేరింది. కొను చేరితే పని ఎవరు చేస్తారో ఫలం వాళ్లకే. వంట చేసుకొను, పెండ్లి చేసుకొను. అయితే వంటలో గరిటె మన చేతిలో ఉంటుంది. ఇక్కడ కీబోర్డు అద్దానికి అవతల ఉంది. నాలుగు కిటికీల్లో రెండింటికి అట్టముక్కలు అడ్డం పెట్టారు. స్తంభం మీద క్యూఆర్ కాగితం ఒకటి అంటించి ఉంది. ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు వాటంతటవే కౌంటర్‌కు చేరి టోకెన్ నెంబరు ఫోన్‌లోకి వచ్చే ఏర్పాటు దేశంలో 2022 అక్టోబరు నుంచి ఉంది. దానికి కావలసిన 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నెంబరు బాపుకు ఉంది. ఆయన దాన్ని ఎక్కాల్లాగా కంఠస్థం కూడా చేశాడు. వాచ్‌మన్ మాత్రం “గది పనిచేయది సార్, లైన్లకే రండి” అన్నాడు. కౌంటర్ వెనక గోడ మీద ఇంత పెద్ద కాకతీయ తోరణం బొమ్మ. ఖిలా వరంగల్‌లో అవి నాలుగున్నాయి. ఒక్కదానికీ తలుపు లేదు, పక్కన గోడ లేదు. చంటిపిల్ల కూడా నడిచి అవతలికి పోవచ్చు. ఆ బొమ్మను ఈ అద్దం వెనక పెట్టినవాడు విరోధాభాసం తెలిసినవాడు.

11:05కు కిటికీ చేరాం. అమ్మాయి మర్యాదగానే ఫోన్ నెంబరు అడిగింది. చెప్పాం. ఓటీపీ పోయింది. పోయినచోటు హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి ఫోన్. అపాయింట్‌మెంట్ తీసింది వాడు. వాడు మీటింగ్‌లో ఉన్నాడు. మూడోసారి ఎత్తి ఓటీపీ చెప్పేసరికి దాని ఆయుష్షు తీరిపోయింది. రెండో ఓటీపీ పనిచేసింది. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. పాత ఫైల్లో బాపు ఇంటిపేరు ముందుంది. యాప్‌లో తమ్ముడు వెనక రాశాడు. కంప్యూటర్ దృష్టిలో వీళ్లు ఇద్దరు వేరు వేరు మనుషులు, ఒకరికి గుండె జబ్బు ఉంది, ఇంకొకరికి అపాయింట్‌మెంట్ ఉంది. ఇద్దరినీ ఒకటి చేయడానికి సూపర్‌వైజర్ కావాలి. సూపర్‌వైజర్ టీకి పోయాడు. బాపు అద్దానికున్న అర్ధచంద్రపు రంధ్రంలోంచి వంగి, “బిడ్డా, తెలుగోనికి ఇంటిపేరు ముందే ఉంటది, వెనక రాస్తే మనిషి మారిపోతడా?” అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి ఆ కుర్చీలోనే ఉందట. ఆమెను ఈ టీకలో ఎక్కడా దోషిగా నిలపం. నాటకంలో ఆమెదీ ఒక పాత్రే, సూత్రధారి వేరే.

11:25కు చీటీ చేతికొచ్చింది. మొదటి అంతస్తుకు పోతే, తలుపు దగ్గరి కాంపౌండర్ రిజిస్టర్ చూసి, “పదకొండూ పన్నెండుకు పిలిచినం సార్, మీరు లేరు” అన్నాడు.

మీమాంస

ఇక్కడ పూర్వపక్షం. ‘పిలిచినపుడు లేనిచో’ అన్నారు కదా, లేరు కదా, నెంబరు పోవడం న్యాయమే కదా?

సిద్ధాంతం. లేకపోవడం ఎక్కడ? తార్కికులు అభావాన్ని నాలుగు రకాలుగా చెప్పారు గాని, వాటిలో ఏదైనా ఒక చోటును పట్టుకునే చెప్పాలి. నేల మీద కుండ లేదంటారు, ఊరికే లేదనరు. బాపు పై అంతస్తులో లేడు, నిజమే. ఎందుకు లేడు? కింది అంతస్తులో ఉన్నాడు గనుక. అక్కడెందుకున్నాడు? బోర్డు మొదటి వాక్యం ఉండమంది గనుక. మొదటి వాక్యాన్ని పాటించినవాడు రెండో వాక్యానికి నేరస్థుడవుతున్నాడు. మొదటిదాన్ని లెక్కచేయక నేరుగా మెట్లెక్కినవాడు పిలిచినప్పుడు అక్కడే ఉంటాడు, కాని చీటీ లేదని కిందికి తోలేస్తారు. ఒక విధి ఇంకో విధిని కొడితే ఏది బలమైనదో తేల్చడానికి మీమాంసకులు బోలెడన్ని న్యాయాలు కనిపెట్టారు. ఒకే బోర్డు, ఒకే సెల్లోటేపు, ఒకే అక్షరాల సైజు. ఇక్కడ జైమినికైనా దిక్కు తోచదు.

ఇక 30 నిమిషాల విశేషం. బాపు వెనక నిలబడి నేను వేసిన లెక్క ఇది. ఆరుగురు డాక్టర్లు, ఒక్కొక్కరికి పది నిమిషాలకు ఒకరు చొప్పున గంటకు 36 మందికి టైమిచ్చారనుకోండి. కిటికీలు రెండు, మనిషికి నాలుగు నిమిషాలు. గంటకు 30 మంది దాటుతారు. వచ్చేవాళ్లు 36, పోయేవాళ్లు 30. గంట గంటకూ ఆరుగురు మిగులుతారు. మూడో గంట తిరిగేసరికి 18 మంది. వాళ్లు దాటడానికి 36 నిమిషాలు. అప్పుడు అర్ధగంట ముందు వచ్చినవాడి నెంబరు పోవడం వాడి ఆలస్యం కాదు, కూడికలు తీసివేతలు. అందరినీ గంట ముందు రమ్మన్నా ఇంతే. లైను గంట ముందు మొదలవుతుంది, కిటికీ ఎప్పుడు తెరుస్తారో అప్పుడే తెరుస్తారు.

1952లోనే ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణితవేత్త దవాఖాన ఓపీల క్యూల మీద ఒక వ్యాసం రాశాడు. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా కూర్చోకూడదని పంతం పడితే పేషెంట్లు ఎన్ని నిమిషాలు కూర్చోవలసి వస్తుందో లెక్కగట్టాడు. మొదట ఇద్దరిని రమ్మనండి, ఆ తరువాత ఒక్కొక్కరిని చూడడానికి సగటున ఎంతసేపు పడుతుందో అంత ఎడంతో పిలవండి, చాలునన్నాడు. మంచి మాట. కాని ఆయన లెక్క డాక్టరు గది గుమ్మం దగ్గర మొదలవుతుంది. మన కథ అక్కడికి చేరకముందే అయిపోయింది.

నాయికాభేదం

అప్పటికి బాపు ప్రతాపరుద్రీయంలో పడ్డాడు. అందులో ఎనిమిది రకాల నాయికలున్నారు. “ఎనమండుగురూ ఈ హాల్లనే ఉన్నరు చూడు” అన్నాడు. చూస్తే ఉన్నారు.

పరగడుపున వచ్చి, ఫైలు ఒళ్లో సర్దుకుని, రిపోర్టులు తారీఖుల వారీగా పేర్చుకుని, తలుపు వంకే చూస్తున్న బ్యాంకు ఉద్యోగి వాసకసజ్జిక. డాక్టరు ఇంకా రౌండ్స్‌లో ఉన్నాడని విని అరగంటకోసారి లేచి కూర్చునే ఆమె విరహోత్కంఠిత. డాక్టరు హైదరాబాద్ కాన్ఫరెన్సుకు పోయాడని ఇక్కడికొచ్చాకనే తెలిసిన దంపతులు ప్రోషితభర్తృకలు. కౌంటర్‌తో గొంతు చించుకుని కొట్లాడి, తీరా తన ఫైలు ఆ అమ్మాయి చేతిలోనే ఉందని గుర్తొచ్చి “ఏమనుకోకమ్మా” అంటున్న కాంట్రాక్టర్ కలహాంతరిత. ఎవరో సారు ఫోన్ చేయిస్తే లైను పక్కనుంచి నేరుగా పైకి పోయిన తెల్ల చొక్కా స్వాధీనపతిక, వేరే చెప్పనక్కర్లేదు. “పొద్దుగాల ఆరింటికే బస్సెక్కిన కొడుకా, చీకట్లనే” అన్న పరకాల అవ్వ అభిసారిక.

ఖండితను నేనే కనిపెట్టాను. నాథుడు వేరొకరితో ఉన్న గుర్తులు కళ్లారా చూసినది ఖండిత. డాక్టరు గది తలుపు సందులోంచి, టై కట్టుకుని నల్ల బ్యాగు తెరిచిన మెడికల్ రిప్రజెంటేటివ్‌ను చూసి ఒకాయన పళ్లు కొరికాడు. బాపు నా వీపు తట్టాడు.

మిగిలింది విప్రలబ్ధ. సంకేతానికి పోయి మోసపోయినది. మనం అపాయింట్‌మెంట్ అనేదాన్ని అలంకారికులు సంకేతమన్నారు. చోటు, వేళ ముందే అనుకుని కలుసుకోవడం. బాపు ఇక్కడ ఆగాడు. విప్రలబ్ధ విషయంలో నాయకుడు రాడు, ఆమె వస్తుంది. ఇక్కడ నాయకుడు గదిలోనే ఉన్నాడు, ఈయన వేళకన్నా ముందే వచ్చాడు, సంకేతస్థలం మెట్లకు పైనే ఉంది. ఇద్దరూ మాట తప్పలేదు. అయినా కలవలేదు. “గీ నాయికను విద్యానాథుడు చెప్పలే” అన్నాడు. తొమ్మిదో నాయిక తానేనని తెలిసి కాస్త గర్వపడ్డట్టు కూడా అనిపించింది.

పోవును

మూలానికి ప్రాణం ఈ క్రియలో ఉంది గనుక చివరికి ఉంచాం.

“దీనికి కర్త ఎవడ్రా?” అన్నాడు బాపు, మేం మళ్లీ కౌంటర్ దగ్గరికొచ్చాక. నెంబరు, అన్నాను. నెంబరే పోతుంది. పోవు అకర్మకం. ఒకరు పోగొట్టేది లేదు, ఒకరు తీసేసేది లేదు. దానికి కాళ్లున్నాయి, పోతుంది. వాన పోయినట్టు, కరెంటు పోయినట్టు.

ముప్పై మూడేళ్లు బాపు ఈ క్రియను విన్నాడు. “సార్, బలపం పోయింది. సార్, పుస్తకం పోయింది. సార్, ఫీజు పైసలు పోయినయ్.” పోగొట్టుకున్నానని ఒక్క పిల్లవాడు కూడా అనలేదట. నాలుగో తరగతి పిల్లవాడికి తెలుగు వ్యాకరణం ఇచ్చిన గొప్ప రక్షణ అదేనంటాడు. అదే బోర్డులో పేషెంట్‌కు మాత్రం ‘వచ్చి’, ‘చేసుకొనవలెను’. కర్త అతనే, కర్తవ్యం అతనిదే. చేయవలసినవి చెప్పేటప్పుడు మనిషి కనబడతాడు. పోయేది చెప్పేటప్పుడు మనిషి మాయమవుతాడు. పేషెంట్ ఎన్ని నిమిషాలు ఆలస్యమో పై రిజిస్టర్‌లో రాసి ఉంది. కిటికీ ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసే గడి ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

“వచ్చే మంగళవారం ఇస్తా సార్” అంది అమ్మాయి. “ఈసారి కొంచెం ముందుగా రండి.”

బాపు జేబులోంచి పెన్ను తీశాడు. కాలం తీరిన చీటీ వెనక, పరీక్ష పేపరు దిద్దినట్టు, ‘పోవును’ అని రాసి కొట్టేసి, పక్కన ‘పోగొట్టుదుము’ అని రాశాడు. కింద “సకర్మకము” అని చిన్నక్షరాల్లో నోటు. రంధ్రంలోంచి లోపలికి తోశాడు. ఆమె చదివింది. ఈసారి నవ్వింది. “మా సూపర్‌వైజర్‌కు చూపిస్త సార్” అని చీటీని ఫైల్లో పెట్టి స్టేప్లర్ కొట్టింది.

తరువాతి మంగళవారం పోయేసరికి అద్దం మీద కొత్త కాగితం ఉంది. ఇంకా టేపు మెరుస్తూనే ఉంది. బాపు కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి పోయి చదివాడు. ‘పోవును’ అలాగే ఉంది. 30 ఉన్నచోట 45 అయింది.

“రెండు ఘడియలకు మూడు నిమిషాలు తక్కువ” అన్నాడు. “పాఠాంతరం. రాసుకో.”