ఇంట్లో వైద్యం ఉచితం

అయ్యా, మీ ఇంట్లోనూ మీకు రోగ నిర్ణయం జరిగే ఉంటుంది. నాకైతే జరిగిపోయింది. పెసరట్టు చల్లారిందంటే నార్సిసిస్టుని, అంటే నా మీద నాకే మోహమున్నవాణ్ణి. పెళ్లి ఫోటోలో నా తల సగమే పడిందేమిటని అడిగితే నార్సిసిస్టుని. ఫ్యాను తగ్గించమన్నా, టీవీ సౌండు పెంచమన్నా, మా బావమరిది ఈ పండక్కి రాకపోతేనేం అని పైకి అనేసినా నార్సిసిస్టునే. మా నాన్నగారు ఇంతకి పదింతలు సణిగితే ‘ఆయనంతేలే’ అని కేసు కొట్టేసేవారు. ఇప్పుడు రీలు చూసిన ప్రతి ప్రాణీ ధన్వంతరి అవతారం. ఫీజు లేదు, అదొక్కటే ఊరట.

నేనూ ఊరుకోలేదు, చదివాను. అమెరికా మనోవైద్యుల సంఘం నార్సిసిస్టిక్ అనే ఈ వ్యక్తిత్వ రుగ్మతని 1980లో తన డీఎస్‌ఎం అనే మానసిక రుగ్మతల గ్రంథంలోకి ఎక్కించింది. ఇప్పటి కూర్పులో లక్షణాలు తొమ్మిది: తనంతవాడు లేడనుకోవడం, పొగడ్తలకి అంగలార్చడం, అవతలివాళ్లని వాడుకోవడం, ఎదుటివాడి బాధ పట్టకపోవడం వగైరా. వాటిలో కనీసం 5 ఉండాలి. అవీ యౌవనం నాటినుంచి ఇంటా బయటా వేళ్లూనుకుని ఉండాలి. అలా ఉన్నాయని తేల్చాల్సింది నిపుణుడు. మా ఇంట్లో ఒక్క లక్షణం చాలు, అదీ ఆదివారం పూట.

తన మీద తనకి మోహం కొంత అందరికీ సహజమేనని 1914లోనే ఫ్రాయిడ్ మహాశయుడు రాశాడు. సెల్ఫీలు దిగేవాళ్లంతా ఈ కోవలోకి రారు. పైకి అణకువగా కనిపిస్తూ, చిన్న మాటకే లోలోపల కుమిలిపోయే రకమూ ఇందులో ఉంది. ఏ రుగ్మతా లేకుండా పెళ్లాం పిల్లల్ని కాల్చుకు తినేవాళ్లకీ లోటు లేదు. నిజంగా జబ్బున్నవాడు రాక్షసుడు కాదు, రోగి. వాడికి కావలసింది చికిత్స. ఇదంతా భోజనాల దగ్గర సవినయంగా విన్నవించాను. ‘చూశావా అమ్మా, విమర్శ తట్టుకోలేకపోతున్నాడు’ అంది మా అమ్మాయి. కాదంటే మొండితనం, ఊరుకుంటే మౌనంతో హింస, ఔనంటే నాటకం. సుప్రీంకోర్టుకి వెళ్లినా బెయిలు రాని కేసు. పెరుగు కూడా అటే ఉండిపోయింది.

నాలాంటివాళ్లకి విరుగుడు కూడా రీల్లోనే దొరికిందట. దాని పేరు ‘గ్రే రాక్’. ఏమన్నా ఉలక్కుండా బండరాయిలా ఉండాలి. అప్పటినుంచి గ్యాసు బుక్ చేశారా అంటే జవాబు లేదు, నా కళ్లజోడు చూశారా అంటే జవాబు లేదు, వర్షమొస్తోంది బట్టలు తియ్యండర్రా అన్నా జవాబు లేదు. వైఫై రీచార్జి అయిపోయిన రోజున మాత్రం రాళ్లన్నీ ఒక్కసారే ‘నాన్నా’ అంటాయి.